మాట మరియమ్మతో మొదలుపెట్టండి
నరసాపురం, పాలకొల్లు వైపు చర్చికెళ్లే ఇల్లూ మసీదుకెళ్లే ఇల్లూ పక్కపక్కనే ఉంటాయి. దేవుడి మాట ఎత్తాలంటే మాత్రం ఇద్దరికీ టెన్షనే. "యేసు తల్లి గురించి మీరేం చెప్పుకుంటారండీ?" అని పక్కింటి ముస్లింలను అడిగి చూడండి. ఖురాన్‌లో 19వ సూరా (అధ్యాయం) పేరే మర్యమ్, అంటే మన మరియమ్మే. ఖురాన్ మొత్తంలో పేరు పెట్టి చెప్పిన స్త్రీ ఆవిడొక్కరే. కన్య గర్భవతి కావడం లూకా సువార్తలోనూ, ఖురాన్‌లోనూ ఉంది. పశువుల తొట్టి బదులు ఇక్కడ ఖర్జూరపు చెట్టు: నొప్పులతో దాని మొదట్లో చేరిన తల్లికి, చెట్టును ఊపితే పండ్లు రాలతాయన్న ఓదార్పు వినిపిస్తుంది. పురుళ్లు చూసిన పెద్దావిడ ఎవరైనా పక్కనుంటే ఇక మాటలకు కొదవుండదు. సిలువ దగ్గర, దేవుని కుమారుడన్న చోట తేడా నిజమే. అడిగితే దాచకండి, మొదటిరోజే అక్కడికి లాగకండి.