సీ హారియర్ మోడల్ కిట్ ఎంచుకోవడం ఎలా? ముందు ముక్కు చూడండి

వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి, టీయూ-142 విమానం చూసి, మన నేవీ పాత జెట్ ఫైటర్ సీ హారియర్ ముందు సెల్ఫీ దిగి వెళ్లిన కుర్రాళ్లలో ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, దాని కిట్ కొన్నాను, ఎలా కట్టాలి?" అని. కిట్ అంటే ప్లాస్టిక్ ముక్కలు అంటించి చేసుకునే చిన్న మోడల్ విమానం. కొన్నాక చేస్తారు, అదే నా బాధ. పెట్టె ఫొటో పంపమంటాను. ముక్కు చూడగానే తెలిసిపోతుంది, అది మన విమానం కాదని. డబ్బులు పోయాయి, నెలరోజుల ఎదురుచూపూ పోయింది. అందుకే ఈసారి కట్టడం గురించి కాదు, కొనడం గురించి రాస్తున్నాను.

సామాన్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. ముక్కలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి వాటిని కోయడానికి చిన్న సైడ్ కట్టర్, ఒక హాబీ కత్తి, 400 నుంచి 1000 దాకా గరుకు కాగితాలు, ప్లాస్టిక్‌ని అంటించే పల్చటి లిక్విడ్ సిమెంట్, రెండు మంచి బ్రష్‌లు. ఇవి చాలు. రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ మూడో కిట్‌కి చూసుకోవచ్చు. ఫెవిక్విక్‌తో మాత్రం కాక్‌పిట్ అద్దం అంటించకండి, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారిపోతుంది.

1. కిట్‌ని కాదు, విమానాన్ని ఎంచుకోండి

మన నేవీ జెట్ ఫైటర్లంటే పాత విక్రాంత్ మీద ఎగిరిన సీ హాక్, తర్వాత సీ హారియర్, ఇప్పుడు మిగ్-29కె. 2025 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరిన 26 రఫేల్ మెరైన్లు ముందుముందు వస్తాయి. వీటిలో ఏదో ఒకటి అనుకుంటే సరిపోదు. ఏ కాలం నాటిది, ఏ రంగులో ఉన్నది, ఒక్క విమానం ఫొటో దగ్గర పెట్టుకోండి. ఫొటో లేకుండా కిట్ కొనడమంటే కొలతలివ్వకుండా చొక్కా కుట్టించుకోవడమే.

ఇక్కడి నుంచి సీ హారియర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. మన దగ్గర దాని పేరు ఎఫ్ఆర్ఎస్ 51. మొదటివి 1983 డిసెంబర్‌లో గోవా దబోలిం చేరాయి. వైట్ టైగర్స్ అని పిలిచే 300 స్క్వాడ్రన్ వీటిని నడిపింది. 2016 మేలో సెలవు తీసుకున్నాయి.

2. స్కేల్: 1/72, ఇంకేం ఆలోచించకండి

లెక్క చిన్నదే. విమానం పొడవుని 72తో భాగిస్తే మోడల్ పొడవు. సీ హారియర్ సుమారు 14.5 మీటర్లు, అంటే 1/72లో 20 సెంటీమీటర్లు, 1/48లో 30. పెద్దదైతే కాక్‌పిట్ బాగా కనిపిస్తుందని 1/48 వాళ్లు అంటారు. నిజమే, దుమ్ము కూడా బాగా కనిపిస్తుంది. రెండు పడకగదుల ఇంట్లో అద్దాల బీరువా ఒక్కటే ఉంటుంది, అందులో సగం ఇంట్లోవాళ్ల స్టీలు సామాన్లకే పోతుంది. 1/72లో అయితే సీ హాక్, హారియర్, మిగ్ మూడూ ఒకే అరలో పడతాయి, ఏది ఎంత పెద్దదో పక్కపక్కనే తెలుస్తుంది. ఒక స్కేల్ పట్టుకున్నాక మార్చకూడదు. ఇది నా ఇష్టం అనుకునేవాళ్లు అనుకోండి, నేను మాత్రం రూలే అంటాను.

3. పెట్టెలో ఉన్నది ఏ రకం? ఇక్కడే అందరూ బోల్తా పడేది

పెట్టె మీద "హారియర్" అని ఉంటే సంబరపడిపోకండి. ఆ పేరుతో కనీసం నాలుగు వేర్వేరు విమానాలు అమ్ముతారు.

మొదటిది బ్రిటిష్ ఎయిర్ ఫోర్స్ జీఆర్ 3. ముక్కు సన్నగా సాగి డాల్ఫిన్ మూతిలా ఉంటుంది, కాక్‌పిట్ కిందకి ఒదిగి ఉంటుంది. రెండోది అమెరికన్ మెరైన్ల ఏవీ-8బీ. రెక్కే వేరు, పెద్దది, కింద ఆయుధాలు తగిలించే కొక్కేలు ఎక్కువ. అసలు అది వేరే విమానం కిందే లెక్క. ఈ రెండింటినీ కాస్త చూస్తే ఎవరైనా పట్టేస్తారు.

అసలు చిక్కు మిగతా రెండింటితో. రెండూ సీ హారియర్లే, రెండూ బ్రిటిష్ నేవీవే. ఒకటి ఎఫ్ఆర్ఎస్ 1, రెండోది దాన్ని మార్చి చేసిన ఎఫ్ఏ 2. మన ఎఫ్ఆర్ఎస్ 51 పుట్టింది ఎఫ్ఆర్ఎస్ 1 నుంచి. ఎఫ్ఏ 2తో దానికి సంబంధం లేదు. తర్వాత మనవాళ్లు కొన్నింటికి ఇజ్రాయెల్ రాడార్, డెర్బీ మిస్సైళ్లు పెట్టారు, అయినా ముక్కు ఎఫ్ఏ 2 ముక్కుగా మారలేదు.

తేడా ఇలా పట్టుకోండి. ఎఫ్ఆర్ఎస్ 1 ముక్కు కోసుగా ఉండి, సరిగ్గా చివర సూదిలాంటి గొట్టం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. గాలి వేగం కొలిచే పిటో అది. ఎఫ్ఏ 2 ముక్కు బొద్దుగా, గుండ్రంగా ఉంటుంది, చివర సూది ఉండదు. మ్యూజియంలో మన విమానాన్ని ముందు నుంచి కాకుండా పక్క నుంచి ఫొటో తీయండి, అప్పుడే ఇది తెలుస్తుంది. సెల్ఫీలో తెలియదు.

"ముక్కు అరగదీసి సూది పెడితే పోదా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. పోదు. ఎఫ్ఏ 2కి రెక్క వెనకాల ఒంట్లో దాదాపు 35 సెంటీమీటర్ల అతుకు కలిపారు. 1/72లో అది ఐదు మిల్లీమీటర్లు. అంటే తోక ముందు కోసి, ఐదు మిల్లీమీటర్లు తీసేసి, మళ్లీ వంకర లేకుండా అతకాలి. నేను ఒకసారి చేశాను. తోక ఇప్పటికీ కాస్త ఎడమకి చూస్తుంది. దాన్ని బీరువాలో గోడవైపు తిప్పి పెట్టాను.

కొనే ముందు కంపెనీ పేరు చూసి మోసపోకండి. ఎయిర్‌ఫిక్స్ ఒక్కటే 1/72లో ఈ రెండు రకాలూ 2010లో కొత్త అచ్చుతో తెచ్చింది. పెట్టెలు పక్కపక్కన పెట్టినా తేడా చటుక్కున తెలియదు. చిన్న అక్షరాల్లో ఎఫ్ఆర్ఎస్ 1 అని ఉందా, ఎఫ్ఏ 2 అని ఉందా చదవండి. 1/48 మొండిగా కావాలంటే కైనెటిక్ కూడా రెండూ చేసింది, అక్కడా ఇదే జాగ్రత్త.

ఇంకో గొయ్యి, పాత అచ్చు. కిట్ కంపెనీలు ముప్పై నలభై ఏళ్ల నాటి అచ్చుని పక్కన పడెయ్యవు. కొత్త బొమ్మతో పెట్టె వేసి మళ్లీ అమ్ముతాయి. తప్పేమీ కాదు, కానీ కొనేవాడికి తెలియాలి. నేను ఒకసారి తళతళలాడే పెట్టె చూసి, అమ్మినాయన "లేటెస్ట్ సార్" అంటే నమ్మి తెచ్చుకున్నాను. మూత తీస్తే ప్యానెల్ గీతలు, అంటే విమానం రేకుల అతుకుల్ని చూపే గీతలు, అన్నీ పైకి ఉబ్బి ఉన్నాయి, చేత్తో తడిమితే కుట్టు వేసిన దుప్పటిలా తగిలాయి. మంచి కిట్‌లో గీతలు లోపలికి చెక్కి ఉంటాయి. ఉబ్బిన గీతలు అతుకు దగ్గర గరుకు కాగితం పెట్టగానే పోతాయి, మళ్లీ గీయడం నరకం. ఆ అచ్చు వయసు నా వయసు కన్నా ఎక్కువని తర్వాత తెలిసింది.

కాబట్టి పెట్టె మీది సంవత్సరం కాదు, అచ్చు సంవత్సరం చూడాలి. స్కేల్‌మేట్స్ సైట్‌లో కిట్ నంబర్ కొడితే అది కొత్త అచ్చా, పాతదాన్ని పెట్టె మార్చి అమ్ముతున్నదా అన్న వంశవృక్షం మొత్తం చూపిస్తుంది. ఆ తర్వాత లోపలి చట్రాల ఫొటోలు వెతకండి. కట్టేసిన మోడల్ ఫొటోలు కాదు, అవి కట్టినవాడి పనితనాన్ని చూపిస్తాయి. చట్రాల్లో మూడు చోట్ల చూడండి: ముక్కు, గాలి లోపలికెళ్లే దారి, కాక్‌పిట్ అద్దం. హారియర్ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు, ఆ దారి చుట్టూ ఉండే చిన్న తలుపుల్లో పైవైపువి తమ బరువుకే లోపలికి వాలతాయి. వాటిని వాలినట్టు చేసిన అచ్చు అంటే చేసినవాడు విమానాన్ని దగ్గరగా చూశాడని అర్థం.

యూట్యూబ్ రివ్యూలు చూడొద్దని నేను అనను, కానీ అరగంట వీడియోలో ఇరవై నిమిషాలు పెట్టె వాసన చూడటానికే సరిపోతుంది.

ఇదే గొడవ వేరే విమానాలకీ ఉంది. మిగ్-29 పెట్టెలు సంతలో వంకాయల్లా దొరుకుతాయి. కానీ మనది కె. రెక్కలు మడుచుకుంటాయి, ఓడ మీద దిగేటప్పుడు తాడు పట్టుకునే కొక్కెం ఉంటుంది, మామూలు మిగ్-29కి రెక్క మొదట్లో పైన ఉండే గాలి చీలికలు దీనికి ఉండవు. రఫేల్ అయితే నేల మీది నుంచి ఎగిరే సి వద్దు, ఓడ మీది ఎం (మెరైన్) కావాలి. ముందు చక్రం కాలు లావుగా, పొడుగ్గా ఉందో లేదో చూడండి.

4. గుర్తులు

పెట్టెలో బ్రిటిష్ డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తులు) మాత్రమే ఉంటే మన గుర్తులు విడిగా కొనాలి. విమానం మీద వేసే మన గుండ్రటి గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. చవక ప్రింటుల్లో కాషాయం కాస్తా ఎరుపు అయిపోతుంది, తెలుపు ఒక పక్కకి జరిగిపోతుంది. భూతద్దం పెట్టి చూశాకే డబ్బులివ్వండి. మొదట్లో వచ్చిన విమానాలు పైన ముదురు బూడిద, కింద తెలుపు. మొదటి కిట్‌కి అదే వేయండి, చూడ్డానికి అదే అందం.

మిస్సైళ్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పెట్టెలో బ్రిటిష్ వాళ్ల సైడ్‌వైండర్లు వస్తాయి. మనవాళ్లు ఫ్రెంచ్ మాత్రా మ్యాజిక్ వాడారు. మిరాజ్ 2000 కిట్ కట్టిన స్నేహితుడి దగ్గర మిగిలిపోయి ఉంటాయి, అడగండి. దొరక్కపోతే ఇంధనం ట్యాంకులు రెండూ తగిలించి మిగతావి ఖాళీగా వదిలేయండి. తప్పు మిస్సైల్ కన్నా ఖాళీ కొక్కెం నయం.

5. కొనడం, విప్పడం

హైదరాబాద్‌లోనో ఆన్‌లైన్‌లోనో మన దేశంలోనే దొరికితే వంద ఎక్కువైనా ఇక్కడే కొనండి. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ ఎంత పడుతుందో పార్సిల్ వచ్చేదాకా టెన్షనే. సిమెంట్, రంగులు బయటి నుంచి తెప్పించాలని చూడకండి. మండే సరుకైతే మామూలు పార్సిల్‌గా విమానంలో పంపరు.

పార్సిల్ వచ్చిన రోజే విప్పండి. మా వైజాగ్ తేమకి డెకాల్స్ త్వరగా పాడవుతాయి, అందుకే వాటిని జిప్ కవర్లో వేసి పుస్తకంలో పెడతాను. చట్రాలు లెక్కపెట్టుకోండి. అద్దం ముక్కని దీపానికి ఎదురుగా పట్టి పగుళ్లు చూడండి. ముక్కు సూది విరిగిందేమో చూడండి, సంచిలో అడుగున పడి ఉంటుంది, సంచి పారేసే ముందు దులపండి.