పాత క్యాసెట్‌లోని శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

క్యాసెట్లను డిజిటల్‌గా మార్చాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని. జవాబు తేలికే: ఆడాసిటీ చాలు, ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కానీ ఆడాసిటీ తెరవకముందే ఫలితం చాలావరకు తేలిపోతుంది. టేప్ మీద నుంచి హెడ్ (టేప్‌ను చదివే భాగం) ఎత్తుకోలేకపోయిన శబ్దాన్ని తర్వాత ఏ ఫిల్టరూ పుట్టించలేదు. అందుకే ఇక్కడ స్క్రూడ్రైవర్‌కూ దూది పుల్లలకూ ఎక్కువ చోటు, మౌస్‌కు తక్కువ.

ఏమేం కావాలి

లైన్ అవుట్ (శబ్దాన్ని మరో పరికరానికి పంపే సాకెట్) ఉన్న క్యాసెట్ డెక్ ఒకటి. పాత మ్యూజిక్ సిస్టమ్‌లోంచి విడదీసిన డెక్ అయినా పనికొస్తుంది. ఆటో రివర్స్ (క్యాసెట్ తిప్పకుండానే రెండో వైపు వినిపించే సదుపాయం) లేనిదైతే మేలు. ఆటో రివర్స్ డెక్‌లలో చాలావాటికి హెడ్ అటూ ఇటూ తిరుగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ సరైన కోణంలో ఆగడం మానేస్తుంది. నేరుగా యూఎస్‌బీకి తగిలించే చవక ప్లేయర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటిలో మోటారు వేగం నిలకడగా ఉండదు, డాల్బీ (టేప్ బుస్సుమనే రొదను, అంటే హిస్‌ను, తగ్గించే ఏర్పాటు) ఉండదు. సాగుతూ వణుకుతూ వచ్చిన పాటను తర్వాత సరిచేయడం దాదాపు అసాధ్యం.

రెండోది, లైన్ ఇన్ ఉన్న స్టీరియో యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే డెక్ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె. లాప్‌టాప్‌కు ఉండే ఒక్క రంధ్రంలో డెక్ వైరు గుచ్చేయడం అందరూ చేసే పొరపాటు. అది హెడ్‌సెట్ కోసం పెట్టినది. అందులోని మైక్ దారి మోనో, పైగా మైక్ ఇచ్చే అతి చిన్న సిగ్నల్‌ను పెంచడానికి తయారైనది. డెక్ నుంచి వచ్చే లైన్ సిగ్నల్ దానికి మోయలేని బరువు. స్టీరియో పోతుంది, శబ్దం పగులుతుంది.

ఇవి కాక డెక్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ సరిపడే ఆర్‌సీఏ కేబుల్, 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (నూనెలు గానీ సువాసనలు గానీ కలిపిన స్పిరిట్ వద్దు), దూది పుల్లలు, అయస్కాంత గుణం లేని సన్న స్క్రూడ్రైవర్, టేప్ తెగితే అతికించడానికి 3.81 మిల్లీమీటర్ల వెడల్పున్న స్ప్లైసింగ్ టేప్.

ముందు క్యాసెట్ సంగతి

1. క్యాసెట్ వెనక అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. ఉంటే రెండూ విరిచేయండి. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాత పాట చెరిగిపోదు.

2. వెలుతురుకు పట్టి కిటికీలోంచి రీళ్లను చూడండి. టేప్ చుట్ట అంచుల మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ను డెక్‌లో పెట్టొద్దు. ముందు డెక్‌కు, ఆ తర్వాత మిగతా క్యాసెట్లన్నిటికీ అంటుకుంటుంది.

3. టేప్ బయటికి కనిపించే చోట, మధ్యలో, సన్నని రాగిరంగు స్ప్రింగ్ మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉందో లేదో చూడండి. టేప్‌ను హెడ్‌కు అదిమి పట్టేది అదే. పాత క్యాసెట్లలో దాని జిగురు ఎండిపోయి ముక్క ఊడిపోతుంది. అప్పుడు పాట మందంగా, వస్తూ పోతూ వినిపిస్తుంది. తప్పు డెక్‌దేమో అనిపిస్తుంది కానీ కాదు. అయిదు స్క్రూల క్యాసెట్ అయితే విప్పి, పనికిరాని మరో క్యాసెట్‌లోని ఫెల్ట్‌ను స్ప్రింగ్‌తో సహా తెచ్చి పెట్టొచ్చు. అతుకేసిన పెట్టె అయితే రీళ్లు రెండింటినీ స్క్రూలున్న ఖాళీ పెట్టెలోకి మార్చాలి. విప్పేముందు ఫొటో తీసుకోండి. లోపలి జారుడు కాగితాలు, రెండు చిన్న రోలర్లు ఏది ఎక్కడిదో తర్వాత గుర్తుండదు.

4. ప్లే చేసేముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటిదాకా రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి ఒకేచోట బిగుసుకున్న చుట్ట వదులవుతుంది. పక్క పొర నుంచి అంటుకున్న లీలామాత్రపు ముందస్తు ప్రతిధ్వని కూడా కొంత తగ్గుతుంది. సి-120 (రెండు వైపులా కలిపి 120 నిమిషాల) క్యాసెట్లతో మాత్రం నెమ్మది. అందులో టేప్ మందం సుమారు 9 మైక్రాన్లే, సి-60లో ఉండేదానిలో దాదాపు సగం. డెక్ లాగితే సాగిపోతుంది, చేత్తో పెన్సిల్ పెట్టి తిప్పడమే నయం.

తెగిన టేప్‌కు సెల్లోటేప్ వేయొద్దు. దాని జిగురు పక్కలకు కారి, చుట్టలో పై పొరకూ కింది పొరకూ అంటుకుంటుంది. స్ప్లైసింగ్ టేప్‌ను కూడా హెడ్‌కు తగలని లోపలి వైపే అతికించాలి.

డెక్ శుభ్రం

ప్లగ్ తీసేయండి. తలుపు తెరిచి, మీటల డెక్ అయితే క్యాసెట్ లేకుండానే ప్లే నొక్కండి, హెడ్ ముందుకొస్తుంది. ఆల్కహాల్‌లో తడిపిన పుల్లతో హెడ్ ముఖాన్ని, దాని పక్కనే నిలువుగా ఉండే సన్నని ఉక్కు కడ్డీని, అంటే క్యాప్‌స్టన్‌ను, తుడవండి. పుల్లకు గోధుమరంగు అంటుతుంది. అది పాత టేపుల నుంచి రాలిన ఆక్సైడ్, అంటే శబ్దం నిలిచే అయస్కాంత పూత. రంగు అంటడం ఆగేదాకా పుల్లలు మారుస్తూ తుడవాలి. రబ్బరు పించ్ రోలర్‌ను తిప్పుతూ తుడిచి, వెంటనే పొడి పుల్లతో తడి తీసేయండి. ఆల్కహాల్‌లో నానితే రబ్బరు గట్టిపడుతుంది. పది నిమిషాలు ఆరనిచ్చాకే క్యాసెట్ పెట్టండి.

డెక్ టేపును ‘తినేయడం’ ఎందుకు జరుగుతుందో తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. క్యాప్‌స్టన్, పించ్ రోలర్ కలిసి టేపును ముందుకు నెడుతూనే ఉంటాయి. దాన్ని చుట్టుకోవాల్సిన రీలు తిరక్కపోతే టేప్ వెళ్లే దారి లేక లోపల కుప్పపడుతుంది. రీలు తిరక్కపోవడానికి కారణం చాలాసార్లు సాగిన బెల్టు, లేదా జారుతున్న రబ్బరు చక్రం. అందుకే తుడిచిన డెక్‌లో ముందు పోయినా ఫరవాలేదనుకునే క్యాసెట్ ఒకటి పెట్టి, ఓ వైపు మొత్తం నడిపి చూడండి. విలువైనది ఆ తర్వాతే.

అజిముత్: అసలు కిటుకు ఇక్కడే

పాట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపిస్తే చాలామంది ‘టేప్ పాతబడింది’ అని సరిపెట్టుకుంటారు. ఎక్కువసార్లు నిజం వేరు. క్యాసెట్ టేప్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. ఆ వేగంలో 10,000 హెర్ట్జ్ స్వరం ఒక్క తరంగానికి టేప్ మీద దొరికే చోటు 4.76 మైక్రాన్లు. హెడ్‌లోని సందు టేప్‌కు సరిగ్గా లంబంగా లేక వెంట్రుకవాసి ఒరిగినా ఆ తరంగాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. తాళాలు, ‘స’కారాలు ముందుగా మాయమవుతాయి. ఆ క్యాసెట్‌ను మొదట రికార్డ్ చేసిన యంత్రం హెడ్ ఎలా ఒరిగి ఉందో, మీ హెడ్ కూడా అలాగే ఒరగాలి. ఈ కోణాన్నే అజిముత్ అంటారు. అందుకే ఈ సర్దుబాటు క్యాసెట్‌కు క్యాసెట్‌కూ మారుతుంది.

హెడ్‌కు రెండు పక్కలా స్క్రూలుంటాయి. అడుగున స్ప్రింగ్ ఉన్నదే అజిముత్ స్క్రూ. చాలా డెక్‌లలో ప్లే నడుస్తుండగా తలుపు కింది రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ దానికి అందుతుంది. మొదట స్క్రూ ఉన్న స్థానాన్ని మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. శబ్దాన్ని మోనోలో వినండి, కోణం తేడా మోనోలోనే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఒక్కోసారి గడియారం ముల్లు ఒకటి రెండు నిమిషాలు కదిలినంతే తిప్పుతూ, పైస్థాయి స్వరాలు గరిష్ఠంగా స్పష్టంగా ఉన్నచోట ఆపండి. అది దాటి తిప్పితే మళ్లీ మొద్దుబారుతుంది. అటూ ఇటూ దాటి చూసి మధ్యకు రావడం మంచి పద్ధతి. రెండో వైపు పెట్టినప్పుడు మళ్లీ వినండి.

డాల్బీ బి మీట ముట్టుకోవడం దీని తర్వాతే. రికార్డ్ చేసినప్పుడు డాల్బీ వాడి ఉంటేనే ఇప్పుడు ఆన్ చేయాలి. కోణం తప్పుగా ఉన్నప్పుడు డాల్బీ ఆన్ చేస్తే, తగ్గిన పైస్వరాలను హిస్‌గా భ్రమించి ఇంకా తగ్గిస్తుంది. డాల్బీ ‘పాడు చేస్తుంది’ అన్న అపవాదు సగం అజిముత్ చేసిన పాపమే.

ఆడాసిటీలో

వెర్షన్‌ను బట్టి మెనూ పేర్లు కాస్త అటూఇటూ ఉంటాయి. ఇక్కడ చెప్పేవి 3వ తరం వెర్షన్లవి.

1. విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌కు వెళ్లి మీ ఇంటర్‌ఫేస్‌కు ఉన్న ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపండి. అవి మాటల కోసం పెట్టినవి. పాట మధ్యలోని మెత్తటి వీణను రొద అనుకుని అణిచేస్తాయి. ప్రైవసీలో మైక్రోఫోన్ అనుమతి ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే రికార్డింగ్ నడుస్తున్నట్టే ఉంటుంది, గీత మాత్రం చదునుగా పోతుంది.

2. ఆడాసిటీలో ఆడియో సెటప్ బటన్ నొక్కి రికార్డింగ్ డివైస్‌గా ఇంటర్‌ఫేస్‌ను, రికార్డింగ్ ఛానెల్స్‌గా 2ను ఎంచుకోండి. శాంపిల్ రేట్ 44,100 హెర్ట్జ్, ఫార్మాట్ 32-బిట్ ఫ్లోట్. క్యాసెట్‌కు 96,000 హెర్ట్జ్ అక్కర్లేదు, డిస్క్ నిండడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఈ లెక్కన కూడా నిమిషానికి సుమారు 21 మెగాబైట్లు, సి-90 మొత్తానికి సుమారు 1.9 గిగాబైట్లు పడుతుంది. ప్రాజెక్ట్‌ను కంప్యూటర్ సొంత డిస్క్‌లోనే సేవ్ చేయండి. పెన్‌డ్రైవ్‌లోనో, క్లౌడ్‌కు సింక్ అయ్యే ఫోల్డర్‌లోనో పెట్టి రికార్డ్ చేస్తే మధ్యలో ముక్కలు ఎగిరిపోవచ్చు.

3. క్యాసెట్‌లో బాగా గట్టిగా ఉన్న చోటు వెతికి ప్లే చేస్తూ, రికార్డింగ్ మీటర్ శిఖరాలు మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఆగేలా ఇంటర్‌ఫేస్ గెయిన్ (లోపలికి వచ్చే శబ్దం స్థాయి) సర్దండి. సున్నాకు తగిలితే అక్కడ శబ్దం కత్తిరించినట్టు అయిపోతుంది, తర్వాత బాగుచేయడం కష్టం. తక్కువగా ఉంటే తర్వాత పెంచుకోవచ్చు.

4. రివైండ్ చేసి, ముందు రికార్డ్, ఆ తర్వాత ప్లే. ఓ వైపు మొత్తం ఆపకుండా ఎక్కించండి. పాట పాటకూ ఆపడం వృథా శ్రమ. కంప్యూటర్ స్లీప్‌లోకి జారకుండా చూసుకోండి.

గుంయ్‌మనే హమ్ వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్తింగ్ దారులు కలిసి పుట్టించే రొద. బ్యాటరీ మీదే రికార్డ్ చేయండి, లేదా ఆ దారిని తెంచే ఐసోలేటర్‌ను డెక్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్యలో పెట్టండి.

దిద్దుబాటు

దేన్నైనా ముట్టుకోకముందు, ఎక్కించినదాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్) ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెట్టండి. రేపు ఇంకా మంచి పరికరం వచ్చినప్పుడు పనికొచ్చేది అదే.

తర్వాత వేగం. డెక్ మోటారు కాస్త వేగంగానో నెమ్మదిగానో తిరిగి ఉంటే శ్రుతి మారుతుంది. ఆ పాట అసలు నిడివి తెలిస్తే లెక్క సులువు. 240 సెకన్ల పాట మీ రికార్డింగ్‌లో 234 సెకన్లకే అయిపోయిందనుకుందాం. 234ను 240తో భాగిస్తే 0.975. ఎఫెక్ట్ మెనూలోని ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్‌లో గుణకం దగ్గర ఆ అంకె ఇస్తే వేగమూ శ్రుతీ రెండూ దారికొస్తాయి. వేగం ఒకేలా తప్పి ఉంటేనే ఇది పనిచేస్తుంది. వణుకుతుంటే మళ్లీ బెల్టు దగ్గరికే వెళ్లాలి.

హిస్ తగ్గించడానికి నాయిస్ రిడక్షన్ ఉంది, ఇది రెండు అంచెలు. మొదట పాట లేని చోట ఒకటి రెండు సెకన్లు ఎంచి, గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కాలి. ఇక్కడో చిక్కుంది. క్యాసెట్ మొదట్లో వచ్చే నిశ్శబ్దాన్ని నమూనాగా తీసుకోవద్దు. అది లీడర్, అంటే ఆక్సైడ్ పూత లేని వట్టి ప్లాస్టిక్. అక్కడ వినిపించేది డెక్ రొదే, టేప్ హిస్ కాదు. పాటకూ పాటకూ మధ్య సందు తీసుకోండి. తర్వాత మొత్తం ఎంచుకుని, 6 నుంచి 9 డెసిబెల్ మధ్య తగ్గింపు ఇవ్వండి. అదే పెట్టెలో రెసిడ్యూ అన్న ఎంపిక ఉంది, తీసేస్తున్నదేమిటో అది వినిపిస్తుంది. అందులో గొంతు లీలగానైనా వినబడిందా, తగ్గింపు ఎక్కువైనట్టే. హిస్ బొత్తిగా లేకుండా తుడిచిపెట్టాలని చూస్తే పాట నీళ్లలోంచి వస్తున్నట్టు గలగలలాడుతుంది. కాస్త హిస్ ఉన్న పాటే చెవికి హాయి.

పాటలు విడగొట్టడానికి ప్రతి పాట మొదట్లో క్లిక్ చేసి కంట్రోల్, బి నొక్కి పేరు టైప్ చేయండి. చివర్లో నార్మలైజ్‌తో శిఖరాన్ని మైనస్ 1 డెసిబెల్‌కు తెచ్చి, ఎక్స్‌పోర్ట్‌లో మల్టిపుల్ ఫైల్స్ ఎంచితే ఆ లేబుళ్ల దగ్గర తెగి విడివిడి ఫైళ్లుగా వస్తాయి. దాచుకోవడానికి ఫ్లాక్, ఫోన్లకు పంపడానికి 192 కేబీపీఎస్ ఎంపీ3. ఫైల్ పేరులో క్యాసెట్ పేరు, వైపు, వరుస సంఖ్య పెట్టండి. వరుస సంఖ్యను 1 అని కాక 01 అని మొదలుపెడితే 10వ పాట 2వ దానికి ముందు వచ్చి కూర్చోదు.

ఫైళ్లను వేర్వేరు చోట్ల రెండు డిస్కుల్లో పెట్టాక కూడా క్యాసెట్‌ను పారేయొద్దు. పూర్తిగా ఓ వైపుకు చుట్టి, పెట్టెలో నిలువుగా, స్పీకర్లకు దూరంగా, ఎండా తేమా తగలనిచోట ఉంచండి. డెక్‌లోని అజిముత్ స్క్రూను ముందు పెట్టుకున్న గుర్తు దగ్గరికి తిప్పేయండి.