నాస్‌లో సర్వర్ పేరు ఎక్కిస్తే సరిపోదు, చాప్ పెట్టండి

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఆఫీసుల్లో సర్వర్లు చూసుకోవడం నా పని. ఇక్కడ స్టోరేజ్ అంటే ముందు బస్తాలే గుర్తొస్తాయి కానీ, నేను చెప్పేది డిస్కుల సంగతి.

నాస్ అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లో డిస్కులు పంచే బాక్స్. ఐస్కజీ పద్ధతిలో అందులోని వాల్యూమ్ సర్వర్‌కి సొంత డిస్కులా కనిపిస్తుంది. చాలామంది ఆ వాల్యూమ్ చేసి, సర్వర్ ఐక్యూఎన్, అంటే ఐస్కజీలో దాని పేరు, ఒక్కటి లిస్టులో ఎక్కించి వెళ్లిపోతారు. విండోస్‌లో ఐస్కజీ ఇనిషియేటర్ తెరిచి కాన్ఫిగరేషన్ ట్యాబ్ చూడండి. ఐక్యూఎన్ అక్కడే ఉంటుంది, పక్కనే చేంజ్ బటన్. నాస్ దాకా దారి ఉన్న ఏ ల్యాప్‌టాప్‌కైనా ఆ పేరే పెట్టేయొచ్చు. గేటు దగ్గర ఎవరో చెప్పిన పేరు నమ్మి లోపలికి పంపినట్టే. సర్వర్లు ఒకే డిస్కును సర్దుకుని వాడుకునే క్లస్టర్ ఏర్పాటు లేకుండా రెండు సిస్టమ్‌లు ఒకే వాల్యూమ్‌లో రాశాయంటే, ఫైళ్ల లెక్క చూసుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ పాడవుతుంది. సీజన్‌లో స్టాకు లెక్కలు పోతే ఓనరుకి ఏం చెబుతారు?

చాప్ అంటే ఇద్దరికే తెలిసిన సీక్రెట్‌తో సర్వర్‌ని గుర్తుపట్టే పద్ధతి. అందులో నాస్ ప్రతిసారీ ఒక కొత్త సవాలు పంపుతుంది. సర్వర్ దానికి సీక్రెట్ కలిపి హాష్, అంటే వెనక్కి తిప్పలేని లెక్క, కట్టి జవాబిస్తుంది. సీక్రెట్ మాత్రం వైరు మీదికి రాదు. అలాగని తేలికైనది పెట్టకండి. విండోస్ 12 నుంచి 16 అక్షరాలు అడుగుతుంది కదా అని ఊరి పేరు, ఒక ఎట్ గుర్తు (@), వెనకాల 12345 పెట్టేవాళ్లను చూశాను. సవాలూ జవాబూ పట్టుకున్నవాడు దాన్ని తీరిగ్గా కూర్చుని కనిపెట్టేస్తాడు.

ముందు నాస్‌లో ఆ వాల్యూమ్ ఉన్న టార్గెట్‌కి, అంటే సర్వర్ కనెక్ట్ అయ్యే చోటుకి, చాప్ ఆన్ చేసి పేరు, సీక్రెట్ ఇవ్వండి. సర్వర్‌లో పాత కనెక్షన్ తెంపండి. ఫేవరెట్ టార్గెట్స్‌లో పాత ఎంట్రీ తీసేయండి. అది చాప్ లేకుండా సేవ్ అయింది కాబట్టి రీస్టార్ట్ అయ్యాక డ్రైవ్ కనిపించక టెన్షన్ పెడుతుంది. తర్వాత టార్గెట్స్‌లో కనెక్ట్, అడ్వాన్స్‌డ్, అందులో చాప్ లాగాన్ టిక్ చేయండి. పేరు గడిలో విండోస్ ఐక్యూఎన్ నింపి ఉంచుతుంది. దాన్ని చెరిపి నాస్‌లో ఇచ్చిన పేరు కొట్టండి. ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంది.

నాస్ కూడా అసలుదేనని సర్వర్‌కి తెలియాలంటే మ్యూచువల్ చాప్ పెట్టాలి. దానికి సీక్రెట్ వేరేది ఇవ్వాలి.

చాప్ డేటాను దాచదు, అందుకే ఐస్కజీకి విడిగా వీలాన్, అంటే వేరుచేసిన నెట్‌వర్క్, ఇవ్వండి. సీసీటీవీ, వైఫై ఉన్న స్విచ్‌లో కలిపేయొద్దు.

అంతా అయ్యాక డ్రైవ్ వాడుకలోకి తెచ్చేముందే కనెక్షన్ తెంపి, కావాలనే తప్పు సీక్రెట్ కొట్టి చూడండి. అయినా కనెక్ట్ అయిందంటే నాస్‌లో చాప్ ఇంకా ఆన్ కాలేదు.