కంట్రోల్ పిండాలు కూడా వెలుగుతున్నాయా? ముందు డ్యాపీ చానెల్ చూడండి

సమస్య: ఎలుక పిండాలకు గామా-హెచ్2ఏఎక్స్ (డీఎన్‌ఏ తెగిందనడానికి గుర్తుగా చూసే ప్రోటీన్) స్టెయినింగ్ చేశారు. మందు పెట్టినవాటితో పాటు, ఏమీ పెట్టని కంట్రోల్ పిండాలూ వెలుగుతున్నాయి.

చాలామంది ఇక్కడే టెన్షన్ పడి కొత్త యాంటీబాడీ ఆర్డర్ పెట్టేస్తారు. ఆగండి. సెకండరీ యాంటీబాడీ (మెరిసే రంగు తగిలించిన రెండో యాంటీబాడీ) మాత్రమే వేసిన పిండాలు చీకటిగా ఉన్నాయా? ఉంటే డ్యాపీ (డీఎన్‌ఏకు పట్టే రంగు) చానెల్ తెరిచి, ఒక్కో కేంద్రకం ఆకారం చూడండి. రెండు నిమిషాల పని ఇది, అయినా ఎవరూ చేయరు.

కారణం: ఎక్కువసార్లు కణచక్రమే. హెచ్2ఏఎక్స్‌లో 139వ సెరీన్‌కు (అమైనో ఆమ్లం) ఫాస్ఫేట్ చేరితే ఈ గుర్తు వస్తుంది. డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు చేరుతుంది, నిజమే. కానీ ఏ దెబ్బా తగలకపోయినా, మైటోసిస్‌లో (కణ విభజనలో) ఉన్న కణంలో క్రోమోజోముల నిండా కనిపిస్తుంది. జైగోట్‌లోనైతే (ఫలదీకరణ జరిగిన ఒకే కణంలోనైతే) తండ్రి ప్రోన్యూక్లియస్‌లో (వీర్యకణం నుంచి వచ్చిన కేంద్రకంలో) మామూలుగానే చుక్కలుంటాయి. నాలుగు కణాల పిండంలో ఒక్క కణం విభజనలో ఉన్నా చాలు, సగటు తారుమారవుతుంది.

అసలు దెబ్బ కొట్టేది ఇంకోటి. మందు పెట్టిన పిండాలు విభజనలో వెనకబడతాయి. హెచ్‌సీజీ (అండం విడుదలకు ఎలుకకు ఇచ్చే హార్మోన్) ఇంజెక్షన్ నుంచి లెక్కేసి రెండు గుంపుల్నీ ఒకే గంటకు ఫిక్స్ చేశామని (రసాయనంతో కణాలను ఉన్న స్థితిలోనే నిలిపేశామని) మీరు ధీమాగా ఉంటారు. అక్కడ కంట్రోల్‌వి మైటోసిస్‌కు చేరిపోయి ఉంటాయి, మందువి ఇంకా జీ2లోనే (విభజనకు ముందు దశలోనే) ఆగి ఉంటాయి. గ్రాఫ్ చూస్తే మందు డీఎన్‌ఏను కాపాడినట్టు వస్తుంది! ఆ గ్రాఫ్ నమ్మి ముందుకెళ్తే నెలల శ్రమ వృథా.

పరిష్కారం: పిండం మొత్తానికి సగటు తీయకండి. కేంద్రకం కేంద్రకంగా చుక్కలు లెక్కపెట్టండి. క్రోమోజోములు గట్టిపడినవాటిని విడిగా రాయండి. అనుమానంగా ఉంటే హిస్టోన్ హెచ్3 సెరీన్ 10 ఫాస్ఫేట్ యాంటీబాడీ (విభజనలో ఉన్న కణాలను చూపేది) తోడు వేయండి. ఎస్ దశ (డీఎన్‌ఏ నకలయ్యే దశ) తేల్చడానికి ఫిక్స్ చేసేముందు కాసేపు ఈడీయూ (కొత్తగా తయారయ్యే డీఎన్‌ఏలో చేరే రసాయనం) ఇవ్వండి. ఎటోపోసైడ్ (డీఎన్‌ఏను తెంచే మందు) పెట్టిన పాజిటివ్ కంట్రోల్ ప్రతి బ్యాచ్‌లోనూ ఉండాలి, పోయినసారిది చెల్లదు.

కేంద్రకం ముక్కలై మొత్తం ఒకే ముద్దగా వెలిగితే అది అపోప్టోసిస్ (కణం తనంతట తాను చచ్చిపోవడం). బ్లాస్టోసిస్ట్‌లో (గర్భాశయానికి అంటుకునే ముందు దశ పిండంలో) అలాంటివి ఒకటి రెండు ఉండటం సహజం. ట్యునెల్‌లో (తెగిన డీఎన్‌ఏ కొసలను పట్టే పరీక్షలో) అంచున ఒక్క చుక్కే మెరిస్తే చాలావరకు అది పోలార్ బాడీ (అండం వదిలేసే చిన్న కణం), లెక్కలోంచి తీసేయండి. బతికున్న పిండాలకు హోక్స్ట్ (డీఎన్‌ఏకు పట్టే ఇంకో రంగు) వేసి అల్ట్రావయొలెట్ కింద చూసి ఉంటే ఆ వెలుతురే డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. అలాంటివాటిని కొలతకు వాడకండి.