తెల్లారగట్ల బీచ్‌లో లెన్స్ మసకబారకుండా

రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాను తెల్లారగట్ల రుషికొండలోనో యారాడలోనో బయటికి తీయగానే లెన్స్ నిండా తేమ పట్టేస్తుంది. తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది, ఈలోగా సూర్యుడు పైకొచ్చేస్తాడు.

దీనికి ఒక పెద్ద జిప్ కవర్ చాలు. పడుకునే ముందే, ఏసీ గదిలోనే, బ్యాటరీ, కార్డు వేసేసి కెమెరాను లెన్స్‌తో సహా అందులో పెట్టి జిప్ గట్టిగా మూసేయండి. పొద్దున బయల్దేరేటప్పుడు ఆ కవర్‌ను కెమెరా బ్యాగ్‌లో కూరకండి. బ్యాగ్ మెత్తల మధ్య చల్లదనం అలాగే నిలిచిపోతుంది. కారులో ఏసీ వేస్తే డిక్కీలో పెట్టండి. చల్లదనం పోవడానికి చిన్న లెన్స్‌కి అరగంట, బరువైన జూమ్ లెన్స్‌కి దాదాపు గంట పడుతుంది. తేమ గాజు మీద కాకుండా కవర్ పైన పడుతుంది. కవర్ మీది తడి ఆరిపోయి, పైనుంచి చేత్తో పట్టుకుంటే చల్లగా తగలనప్పుడు తీయండి. అంతకుముందు ఒక్కసారి విప్పినా పని చెడినట్టే.

బయటికొచ్చాక కవర్‌లో పెడితే ఉపయోగం లేదు, తేమగాలి కూడా లోపలే ఉండిపోతుంది. ఇంకోటి, అలల దగ్గర పడే ఉప్పు తుంపర ఎంతసేపు ఆగినా పోదు. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి, మంచినీళ్లతో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, తర్వాత పొడిది వాడండి.