కారు వెనక డిస్క్ బ్రేకులు ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా కారు కూడా నీళ్లలో నానింది. కొన్ని నెలలకు వెనక చక్రం కీచుమనసాగింది. విప్పితే, చక్రంతో తిరిగే డిస్కును రెండు పక్కలా నొక్కి ఆపే ప్యాడ్లలో లోపలిది పూర్తిగా అరిగిపోయి ఉంది, బయటిది దాదాపు కొత్తగానే ఉంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ అటూఇటూ జరగాల్సిన పిన్నులు తుప్పుతో బిగుసుకుపోవడమే కారణం. ఆ రోజు నేర్చుకున్నదే చెబుతున్నాను.

ముందు మీ కారుకు వెనక ఉన్నవి డిస్కులేనా చూసుకోండి. చాలా చిన్న కార్లకు వెనక డ్రమ్ములే ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌తో పనిచేసేదైతే ఈ పని ఇంట్లో వద్దు. దాన్ని స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా, క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను వెనక్కి నెడితే మోటారు పాడవుతుంది.

ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందే. డిస్కు ఎంతవరకు అరగవచ్చో దాని మీదే అచ్చువేసి ఉంటుంది. ఆటోనగర్‌లో కారు మోడల్, సంవత్సరం చెప్పి ప్యాడ్లు, డిస్కులు రెండు పక్కలకూ కలిపి కొనండి. ఒక్క పక్కే మారిస్తే బండి ఓ వైపు లాగుతుంది. పిస్టన్ తిప్పే టూలు కూడా తెచ్చుకోండి.

బండిని చదునైన చప్టా మీద ఆపండి. ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి హ్యాండ్‌బ్రేక్ దించండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి పక్కన కూర్చోకండి, కింద స్టాండు తప్పకుండా పెట్టండి.

చక్రం తీశాక క్యాలిపర్ బోల్టులు విప్పి, క్యాలిపర్‌ను బైండింగ్ వైరుతో స్ప్రింగుకు కట్టండి. బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకూడదు. పాత ప్యాడ్లు, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్, డిస్కు తీసేయండి. దుమ్మును నోటితో ఊదకుండా బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవండి. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, దాన్నీ అలాగే తుడవాలి. పిన్నులు బయటికి లాగి శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పూసి, చేత్తో నెడితే జారుతున్నాయో లేదో చూడండి. మా బండికి అసలు రోగం ఇక్కడే.

ఎక్కువమంది తప్పు చేసేది పిస్టన్ దగ్గర. ముందు బ్రేకుల పిస్టన్‌ను నొక్కితే లోపలికి పోతుంది. వెనక దానికి చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ మర కలిసి ఉంటుంది కాబట్టి నొక్కుతూ తిప్పాలి, సాధారణంగా గడియారం ముల్లు తిరిగే వైపు. సి క్లాంపు వేసి బలవంతంగా నొక్కితే లోపలి మర విరుగుతుంది, క్యాలిపరే కొనాల్సి వస్తుంది. తిప్పేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి మట్టం గమనించండి. పొంగి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. ప్యాడ్ వెనక చిన్న బొడిపె ఉంటే పిస్టన్ గాడిలో కూర్చోవాలి.

కొత్త డిస్కు, బ్రాకెట్, కొత్త ప్యాడ్లు, క్యాలిపర్, చక్రం వరుసగా అమర్చి, బోల్టులకు మాన్యువల్‌లో చెప్పినంత టార్క్ (బిగింపు బలం) ఇవ్వండి. రెండో పక్కా ఇలాగే. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, లేకపోతే మొదటి బ్రేక్ పడదు. ఆయిల్ మట్టం సరిచూసి, కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేలా తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి మెల్లగా ఎనిమిది పదిసార్లు తగ్గించండి, పూర్తిగా ఆపకుండా. మొదటిసారి చేసేవాళ్లు ట్రాఫిక్‌లోకి వెళ్లే ముందు తెలిసిన మెకానిక్‌కు ఒకసారి చూపించండి.