దోపిడీ కుట్ర కేసులో శిక్ష పడితే అప్పీలు ఎలా చేయాలి?

అమెరికా ఫెడరల్ కోర్టులో మీ వాళ్లకు దోపిడీ కుట్ర కేసులో శిక్ష పడితే, ఎంత దుఃఖంలో ఉన్నా ముందు తేదీలు లెక్కపెట్టుకోండి.

జిల్లా కోర్టు తీర్పు నమోదైన 14 రోజుల్లోగా అదే కోర్టులో అప్పీలు నోటీసు వేయాలి. అది చిన్న కాగితం, వాదనలేవీ అందులో రాయనక్కరలేదు. సరైన కారణం చూపితే జడ్జి మరో 30 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. దాన్ని నమ్ముకుని మాత్రం ఆగవద్దు. నేరం ఒప్పుకుంటూ అప్పీలు హక్కును వదులుకున్నవారు కూడా నోటీసు వేయమని లాయరుకు చెప్పవచ్చు. చెప్పినా లాయరు వేయకపోతే, పోయిన అప్పీలును తిరిగి పొందే వీలుందని 2019లో గార్జా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఆ మాట రాతపూర్వకంగా చెప్పండి. ఫీజు కట్టుకోలేనివారికి కోర్టే లాయరును నియమిస్తుంది.

నోటీసు వేశాక మరో 14 రోజుల్లో విచారణ నమోదుల (కోర్టులో మాట్లాడిన ప్రతి మాటా రాసిన కాగితాల) ప్రతికి ఆర్డరు పెట్టాలి. ఇకపై ఆ కాగితాలే మీ ఆయుధం.

చాలా కుటుంబాలు పొరబడేది ఇక్కడే. అప్పీలు కోర్టు సాక్షులను మళ్లీ పిలవదు. ఫలానా సాక్షి అబద్ధమాడాడన్న వాదన దాదాపు నిలవదు, ఎవరిని నమ్మాలో జ్యూరీయే (విచారణ విని తీర్పు చెప్పే పౌరుల బృందమే) తేలుస్తుంది. అడగాల్సిన ప్రశ్న వేరు: దోపిడీ చేద్దామన్న ఒప్పందంలో ఇతను చేరాడనడానికి సాక్ష్యం ఉందా? దొంగలతో పరిచయం ఉండటం, అక్కడ కనిపించడం మాత్రమే కుట్ర కాదు. విచారణలో లాయరు అభ్యంతరం చెప్పని పొరపాట్లపై గెలవడం చాలా కష్టం. కాబట్టి చెప్పిన ప్రతి అభ్యంతరాన్నీ ఆ నమోదుల్లో వెతికి పట్టుకోండి.

శిక్షను విడిగా పరిశీలించండి. దోపిడీలపై ఉన్న ఫెడరల్ చట్టం, హాబ్స్ చట్టం కింద దోపిడీ కుట్రకు గరిష్ఠ శిక్ష 20 ఏళ్లు. తుపాకీ అభియోగం తోడైతే కనీసం 5 ఏళ్లు అదనం, అదీ మిగతా శిక్ష ముగిశాకే మొదలవుతుంది. ఈ అదనపు శిక్షకు ఆధారం ఏ నేరమో తప్పక చూడండి. జరిగిన దోపిడీ ఆధారమైతే అది నిలుస్తుంది. కుట్ర ఒక్కటే ఆధారమైతే, 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన డేవిస్ తీర్పు తర్వాత చెల్లదు. కుట్రలో అతని పాత్రను పెద్దదిగా చూపి శిక్షా మార్గదర్శకాల లెక్క పెంచారేమో కూడా గమనించండి.

అప్పీలు ఓడితే అప్పీలు కోర్టులోనే పునఃపరిశీలనకు 14 రోజులు, సుప్రీంకోర్టుకు 90 రోజులు గడువు. లాయరు సరిగా వాదించలేదన్న ఫిర్యాదును సాధారణంగా, శిక్ష అంతిమమయ్యాక ఏడాదిలోపు, మొదటి కోర్టులోనే వేరే పిటిషన్‌గా వేస్తారు.